చేపల కొట్లో కెప్టెన్

"నువ్వు అక్కడ లేవా? నా ముఖం చూసి చెప్పు. ఆ రోజు నువ్వు ఊళ్ళో లేవా?"

"లేనని ఎన్నిసార్లు చెప్పాలి హలీం భాయ్? రాజధానిలో ఉన్నాను. కాగితంలో అదే రాసిచ్చాను."

"నీ కాగితం సంగతి నాకెందుకు? నాకు ఒక్క ముక్క రాసివ్వు. పిల్లవాడు ఉత్త చేతులతో నిలబడి ఉన్నాడు, నేను చూశాను అని. మా అక్కకు ఇంకేమీ అక్కర్లేదు."

"చూడనిది చూశానని ఎట్లా రాయను?"

"మ్యాచ్ ఓడితే మైకు ముందుకు వచ్చి తప్పు నాది అనేవాడివి. క్యాచ్ వదిలేసినవాడి తప్పు కూడా నీ మీదే వేసుకునేవాడివి. ఇప్పుడేమైంది?"

"అది ఆట, భాయ్."

"నిజమే. ఇది ఆట కాదు. మా అక్క కొడుకు."

ఈ పరాయి దేశంలో మేముండే టాలట్‌లో, మా ఇంటికి పది నిమిషాల నడకలో హలీం కొట్టు ఉంది. పోయిన ఏడాది చలి మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం మధ్యాహ్నం అక్కడ ఈ గొడవ జరిగింది. చర్చి నుంచి వస్తూ చేపల కోసం ఆగినదాన్ని, సంచి పట్టుకుని నిలబడి అంతా విన్నాను. వాళ్ళది బంగ్లా మాట. ఎనిమిదేళ్ళుగా ఆ కొట్లోనే కొంటున్నాను కాబట్టి ముప్పాతిక అర్థమవుతుంది, మిగతా పాతిక వాళ్ళ ముఖాల్లో తెలుస్తుంది. రాసేటప్పుడు నా తెలుగులో రాస్తున్నాను.

అడిగినవాడు కొట్టు యజమాని. జవాబు చెప్పినవాడు ఆ కొట్లో చేపలు కోసే మనిషి. ఆ మనిషి రెండు నెలల కింద ఇక్కడి ఆసుపత్రిలో గుండె ఆగి పోయాడు. ఇక్కడే మట్టి చేశారు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు అక్కడి నుంచి ఫోనులో చూశారట. వాళ్ళలో ఆడవాళ్ళు మట్టికి పోరు, అందుకని నేనూ పోలేదు. పోలేకపోయినందుకు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. రాస్తే అక్కడున్న ఆ ముగ్గురికి ముప్పు. కొట్లో అందరూ కెప్టెన్ అనేవాళ్ళు, నేనూ అదే అంటాను.

అతన్ని మొదటిసారి చూసిన రోజే తిట్టాను. చేప కడుగుతూ పంపు ధారగా వదిలేసి, కిటికీలోంచి బయట వాన చూస్తూ నిలబడ్డాడు. ఆరడుగుల పైన మనిషి, తల వంచుకుని నిలబడటం అలవాటైన మెడ. నీళ్ళు మీ తాత తవ్వించిన చెరువులోంచి వస్తున్నాయా అని హిందీలో అడిగాను. మాది బోధన్ వైపు. చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో సగం ఇళ్ళు ఉర్దూ మాట్లాడేవి, నా చదువు నాలుగో తరగతిలో ఆగినా ఆ భాష ఆగలేదు. అతను గబుక్కున పంపు కట్టేసి, "మాఫ్ చెయ్యండి ఖాలా" అన్నాడు. అంటే పిన్నమ్మ. ఆ తర్వాత నేను గడపలో కనిపిస్తే చాలు, పంపు వదిలి ఉన్నా లేకపోయినా ఒకసారి చెయ్యి పెట్టి బిగించేవాడు. హలీం నవ్వేవాడు. వీధి గూండాలకు భయపడనివాడు మీకు భయపడుతున్నాడు ఖాలా అనేవాడు.

అతను ఎవరో హలీమే చెప్పాడు. ఇరవై ఏళ్ళు ఫాస్ట్ బౌలర్. పదేళ్ళు వాళ్ళ ప్రాంతం జట్టుకు కెప్టెన్. దేశం జట్టుకు పిలుపు వచ్చిన వారమే మోకాలు పోయింది. రెండు మోకాళ్ళూ కోయించుకుని మళ్ళీ ఆడాడు గానీ ఆ పిలుపు మళ్ళీ రాలేదు. ఆ పట్నంలో అతను బంతి వేసే రోజు సినిమా హాళ్ళు ఖాళీగా ఉండేవట. హలీం చిన్నప్పుడు గోడ దూకి చూశాడట. అట్లాంటి మనిషి చేతిలో సంచితో ఈ దేశంలో దిగితే, హలీం పైన గది ఇచ్చాడు, కొట్లో పని ఇచ్చాడు. చేపలు కోయడం తనే పక్కన నిలబడి నేర్పాడు. గురువుగారికి అక్షరాలు దిద్దించినట్టు ఉంది ఖాలా అని సిగ్గుపడ్డాడు.

కత్తి పదును చూసుకునే ముందు అతను దాన్ని ఏప్రన్ మీద రుద్దేవాడు. ఎప్పుడూ కుడి తొడ మీదే, ఎప్పుడూ కత్తి ఒక పక్కే. ఏప్రన్ ఆ వైపు ఎర్రగా మరక పడి, ఈ వైపు తెల్లగా ఉండేది. రెండు వైపులా తుడిస్తే బట్ట సమంగా అరుగుతుంది కదా అన్నాను. బంతిని ఒక పక్కే నునుపు చెయ్యాలి ఖాలా, చెయ్యి మరిచిపోదు అన్నాడు. దూరాలన్నీ అడుగుల్లో చెప్పేవాడు. లువాస్ ట్రాము స్టాపు నుంచి కొట్టుకు ఎన్ని అడుగులో, కొట్టు నుంచి పార్కుకు ఎన్నో అతనికి తెలుసు. మెట్లు దిగేటప్పుడు మాత్రం పీతలాగా పక్కకు తిరిగి దిగేవాడు.

ఇంకొకటి చాలా రోజుల తర్వాత గమనించాను. కుడిచెయ్యి భుజం దాటి పైకి లేచేది కాదు. పై అరలోని బియ్యం సంచి కావాలంటే స్టూలు వేసుకుని ఎక్కేవాడు, ఆ ఎత్తు మనిషి. లువాస్‌లో పైన వేలాడే పట్టీ పట్టుకోడు. తలుపుకు వీపు ఆనించి, చేతులు జేబుల్లో పెట్టుకుని, బండి కుదిపినప్పుడల్లా ఆ పాడు మోకాళ్ళ మీదే నిలదొక్కుకునేవాడు. బౌలింగ్ వేసి వేసి భుజం పోయింది అని హలీం అందరికీ చెప్పేవాడు. మేమూ అదే అనుకున్నాం.

మా మనవరాలు బడి జట్టులో బంతి వేస్తుంది. పార్కులో అతను బెంచీ మీద కూర్చుని నోటితోనే దానికి అన్నీ చెప్పేవాడు. మడమ ఎక్కడ పడాలి, తల ఎటు ఉండాలి. బంతి అతని దగ్గరికి దొర్లితే విసిరేవాడు కాదు, గడ్డి మీద దొర్లించి పంపేవాడు. ఆయన చాలా మంచోడే గానీ ఒక్కసారి కూడా చేసి చూపించడని అది ఇంగ్లీషులో విసుక్కునేది. ఒకరోజు దానికి చెబుతూ నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"ఫాస్ట్ బౌలర్‌కు పరుగెత్తడం అందరూ నేర్పుతారు ఖాలా. ఆగడం ఎవరూ నేర్పరు. మోకాళ్ళు పోయేది ఆగేటప్పుడే."

రాజకీయాల్లోకి ఎందుకు పోయావని అడిగాను. అడగక తప్పదు, నాకు ఆ పని చేసేవాళ్ళంటే పడదు. గ్రౌండు కోసం అన్నాడు. వాళ్ళ పట్నంలో పిల్లలు ఆడే మైదానం ఇటుక బట్టీలవాళ్ళు ఆక్రమించుకున్నారు. అధికారంలో ఉన్న పార్టీవాళ్ళు వచ్చి, మా తరఫున మున్సిపాలిటీ ఛైర్మన్‌గా నిలబడు, మైదానం నీదే అన్నారు. నిలబడ్డాడు, ఎదురు లేకుండా గెలిచాడు. మైదానం వచ్చిందా అన్నాను. సిమెంటు గ్యాలరీ కట్టారట. దాని మీద ఇతని పేరు నిలువెత్తు అక్షరాల్లో రాశారట.

"మరి ఆడే చోటు?"

"అక్కడ ఇటుకలు ఎండబెడుతున్నారు ఖాలా. గ్యాలరీలో కూర్చుని చూడొచ్చు."

ఇద్దరం నవ్వాం. అతను నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

అప్పుడే అన్నాను, ఇంత తెలిసినవాడివి ఎందుకు బయటికి రాలేదని. జట్టును మధ్యలో వదిలి పోయేవాడు కెప్టెన్ కాదు ఖాలా అన్నాడు. ఆ మాట గొప్పగా చెప్పాడు. నాకు గొప్పగా అనిపించలేదు. దొంగల బండి అని తెలిశాక కూడా దిగనివాడిని ఏమంటారో నాకు తెలుసు. కానీ అనలేదు.

మొదట్లో బంగ్లావాళ్ళు అతనితో ఫోటోలు దిగడానికి వచ్చేవాళ్ళు. చేపల వాసన చేతులతో వద్దంటున్నా వదిలేవాళ్ళు కాదు. రెండేళ్ళ కింద అక్కడ చదువుకునే పిల్లలు రోడ్లెక్కారు కదా. తూటాలు పేలాయి, చాలామంది పోయారు, ఆ పార్టీ కూలింది. ఇతని ఇల్లు తగలబెట్టారు, ఆ తర్వాతే ఇతను ఇక్కడికి వచ్చాడు. ఇతను ఏ పార్టీవాడో ఇక్కడివాళ్ళకు ఒక్కొక్కరికే తెలిసింది. తెలిసినవాళ్ళు ఇతని దగ్గర చేపలు కోయించుకోవడం మానేశారు. హలీం చెయ్యి ఖాళీ అయ్యేదాకా వరుసలో నిలబడేవాళ్ళు. ఇతను కత్తి పట్టుకుని ఊరికే నిలబడి ఉండేవాడు, పక్కన ఆరుగురు కాచుకుని ఉండేవాళ్ళు. నేను పోయి, ఇటు రా, నాకు కోసియ్యి అనేదాన్ని. దయతో కాదు, నాకు నిలబడి కాలం పాడుచేసుకోవడం ఇష్టం ఉండదు.

హలీం అక్క కొడుకు పోయింది ఆ గొడవల్లోనే, అదే పట్నంలో. పంతొమ్మిదేళ్ళవాడు. బాంబులు విసురుతూ పోయాడని అప్పటి పోలీసులు రాసేశారు. కొత్త ప్రభుత్వం విచారణ పెట్టింది. చూసినవాళ్ళు ఒక్కరు రాసిస్తే ఆ మాట కొట్టేస్తారని వకీలు చెప్పాడు. చూసినవాళ్ళు ఎవరూ ముందుకు రాలేదు. హలీం ఇతన్ని మొదట మెత్తగానే అడిగాడు, చాలా వారాలు అడిగాడు. ఇతను ప్రతిసారీ నేను లేను అనే చెప్పాడు.

కొట్లో గొడవకు పన్నెండు రోజుల ముందు అతను నాతో మాట్లాడాడు. మంగళవారం అతనికి సెలవు, పార్కులో మొదటి బెంచీ మీద కూర్చునేవాడు. షుగరు ఉందని జీపీ డాక్టరు చెప్పినప్పటి నుంచి నేను అక్కడ నడుస్తాను. అతని మోకాలి పట్టీలు సాగి వదులైపోయాయని, నా పాత నేత చీర చించి నాలుగు పేలికలు చేసి తీసుకుపోయాను. తీసుకుని, మడిచి, ఒడిలో పెట్టుకున్నాడు. కాళ్ళ వాపు చూసి మా అమ్మాయి చెప్పమన్న మాట కూడా చెప్పాను. ఆమె నర్సు. అతని ముఖం కూడా పాలిపోయింది, గుండె చూపించుకొమ్మని చెప్పమంది. ముందు కాగితం రానివ్వండి అన్నాడు. ఈ దేశంలో ఉండనిచ్చే కాగితం. అది వస్తే పెళ్ళాం పిల్లల్ని తెచ్చుకోవచ్చు. వాళ్ళు అప్పటికే మూడు ఇళ్ళు మారి, ఎవరో బంధువుల ఇంట్లో కిటికీ తెరవకుండా బతుకుతున్నారు.

"నేను ఆ రోజు ఊళ్ళోనే ఉన్నాను ఖాలా," అన్నాడు.

బెంచీ మీద పక్కన కూర్చున్నాను.

మున్సిపల్ ఆఫీసు ముందు పిల్లలు గుంపుగా వచ్చారట. లోపల పోలీసు అధికారి ఇతనితో, వీళ్ళంతా నీ బంతి చూసి పెరిగినవాళ్ళు, నీ మాట వింటారు, బయటికి పోయి ఆపు అన్నాడట. ఇతను నమ్మాడు. కెప్టెన్ చెయ్యి చూపిస్తే ఎంత దూరంలో ఉన్న ఫీల్డరైనా ఆగుతాడు, ఇరవై ఏళ్ళ అలవాటు. బాల్కనీలోకి వచ్చి, గ్రౌండులో ఎత్తినట్టే, కుడిచెయ్యి పైకెత్తి అరచెయ్యి చూపించాడు. అటూ ఇటూ పరుగెత్తుతున్న పిల్లలు ఆగారు. తలెత్తి ఇతని వైపు చూస్తూ, మాట కోసం నిలబడ్డారు.

"పరుగెత్తేవాళ్ళకు తూటా తగలడం కష్టం ఖాలా," అని ఆగాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఇక్కడికి వచ్చాక, కాగితాలు రాసిపెట్టే వాళ్ళ పార్టీ మనిషి ఒకడు డండాక్ ఊళ్ళో దొరికాడు. ఆ చోట ఉన్నానని రాస్తే కాల్పుల్లో నీ చెయ్యి కూడా ఉందంటారు, తిప్పి పంపుతారు, రాజధానిలో ఉన్నానని రాయి అన్నాడట. రాసి సంతకం పెట్టాడు. ఇప్పుడు హలీంకు నిజం రాసిస్తే ఆ కాగితం అబద్ధం అవుతుంది. ఏం చెయ్యమంటారు అని అడిగాడు. నన్ను ఎందుకు అడిగాడో తెలియదు. వాళ్ళ దేశం కానిదాన్ని, వాళ్ళ మతం కానిదాన్ని. బహుశా అందుకే అడిగి ఉంటాడు.

నేను బతుకంతా ఉన్నదాన్ని కాపాడుకుంటూ వచ్చినదాన్ని. విరిగిన చీపురు కట్ట కూడా పారెయ్యను. ఆ బుద్ధితోనే చెప్పాను.

"పోయిన పిల్లగాడు తిరిగి రాడు బేటా. నీ కాగితం పోతే మళ్ళీ రాదు. ఇద్దరు ఆడపిల్లలున్నోడివి. నోరు మూసుకో."

తల ఊపాడు. నా మాట వల్లనే మూసుకున్నాడని అనను. ఎవరో ఒకరు ఆ మాట అంటే బాగుండునని చూస్తున్నాడు, నేను అన్నాను.

ఆ ఆదివారం మా చర్చిలో సాక్ష్యాల వారం. ఒకరు లేచి ఇల్లు లీజుకు దొరికిందని చెప్పారు, ఒకరు పరీక్ష పాసయ్యామని చెప్పారు. నేనూ లేచి, అల్లుడికి నడుము నొప్పి తగ్గిందని దేవునికి స్తోత్రం చెప్పి కూర్చున్నాను. అక్కడి నుంచి నేరుగా హలీం కొట్టుకు వచ్చాను. మరునాడు సోమవారం ఆ విచారణకు ఆఖరి రోజు. అందుకే హలీం గొంతు లేచింది.

మా అక్క కొడుకు అని హలీం అన్నాక కెప్టెన్ మళ్ళీ చేప మీదికి వంగాడు. కొట్లో ఇంకెవరూ లేరు. హలీం గొంతు తగ్గించి, నాకు తెలియాలని కాబోలు, హిందీలో అన్నాడు.

"వాడు ఆఖరిసారి వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. ఏమన్నాడో తెలుసా కెప్టెన్ భాయ్? అమ్మా, కెప్టెన్ బయటికి వచ్చాడు, ఇంక భయం లేదు అన్నాడు."

ఇతను కత్తి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు.

"గుంపులో పిల్లవాడు... ఎవరిని చూశాడో."

"నిన్ను వాడికి తెలియదా? వాడి పుస్తకాల అట్టల మీదంతా నీ బొమ్మే."

హలీం అప్పుడు నా వైపు తిరిగాడు. కళ్ళు తుడుచుకోలేదు, ధారగా కారుతుంటే అట్లాగే ఉన్నాడు.

"ఖాలా, మీరు పెద్దవారు. మీ మాట వింటాడు. పంపు కట్టెయ్యమంటే కట్టేసే మనిషి. మీరు చెప్పండి, ఒక్క ముక్క రాయమని."

కెప్టెన్ నన్ను చూశాడు. ఆ చూపులో చెప్పండి అని ఉందో, చెప్పొద్దు అని ఉందో ఈ రోజుకీ తేల్చుకోలేను. నేను ఒక్క మాట అంటే అతను రాసేవాడేమో. రాస్తే ఆ తల్లికి కొడుకు పేరు మిగిలేది. ఈ ఆడపిల్లలకు దారి మూసుకునేది. రెండింటిలో ఒకటి నా నాలుక మీద ఉందని నాకు తెలుసు.

"నాకు తెలియని సంగతిలో నన్ను లాగకు హలీం," అన్నాను.

హలీం పోయి కొట్టు ముందు పెట్టిన కూరగాయల పెట్టెలు ఒక్కొక్కటే లోపలికి మోశాడు. కెప్టెన్ పోయి రెండోవైపు పట్టుకున్నాడు. హలీం వద్దనలేదు. నేను ఏమీ కొనకుండా ఇంటికి వచ్చాను.

సోమవారం పొద్దున పదింటికి చేపల కోసం మళ్ళీ పోయాను. షట్టరు తీసి ఉంది. కెప్టెన్ ఏప్రన్ కట్టుకుని, బల్ల దగ్గర పొలుసు తీస్తున్నాడు. నన్ను చూసి పంపు బిగించలేదు, తల ఎత్తలేదు. హలీం గల్లా దగ్గర నిలబడి వాళ్ళ అక్కకు ఫోన్ చేశాడు. చూసినవాళ్ళు ఎవరూ దొరకలేదక్కా, వకీలుకు అదే చెప్పు అన్నాడు. అవతల ఆమె ఏం అన్నదో వినపడలేదు. ఇతను పొలుసు తీస్తూనే ఉన్నాడు. ఫోన్ పెట్టేసి హలీం బియ్యం సంచులు సర్దుకోవడానికి లోపలికి పోయాడు.

నాకు రవ్వ చేప ఒకటి కావాలన్నాను. ముక్కలు పెద్దవా చిన్నవా అని అడిగాడు. చిన్నవి అన్నాను.